పాట ఏ యుద్ధాన్ని ఆపింది అంటారా? శోకం ఏ శవాన్ని లేపింది?

నమస్తే అందరికీ. ముందు సూటిగా ఒక మాట చెప్పేస్తాను, తిట్టేవాళ్లు తర్వాత తిట్టండి. యుద్ధం వద్దని పాడే పాట నిరసన పాట కాదు. అది శోకం. శవం పక్కన కూర్చొని తల్లి రాగం తీసి పెట్టే శోకం. దానికి ఒకాయన గిటారు కట్టాడు, ఇంకొకాయన డ్రమ్ములు పెట్టాడు, మరొకాయన సినిమాలో పెట్టాడు. లోపల ఉన్నది మాత్రం శోకమే. అరవై ఏళ్లు గడిచినా ఆ పాటలు వింటే గొంతులో ఏదో అడ్డుపడుతుంది చూడండి, అది అందుకే.

పోయిన వారం మన వీడియో కింద జరిగిన రచ్చ మీరంతా చూశారు. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ రాసిన సిపాయి పాట మీద మూడు నిమిషాలు మాట్లాడాను, అంతే. కామెంట్లలో రెండే మాటలు తిరిగాయి. ఒకటి, "పాట వల్ల ఏ యుద్ధం ఆగింది అన్నా?" రెండు, "ఇలాంటి పాటలు మన జవాన్లకు అవమానం." ఒక తోటి చానెల్ ఆయన గంటసేపు లైవ్ పెట్టి, ఇవన్నీ ఎప్పుడో చచ్చిపోయిన పాటలు, ముసలివాళ్లు తప్ప ఎవరూ వినరు అని తేల్చేశారు. నిజంగా చెబుతున్నాను, నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చిపోయిన పాటకి నాలుగు వేల కామెంట్లు ఎందుకు పెట్టారండీ?

ఈ శోకం మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మా అమ్మమ్మ చెప్పింది. ఆమెకి 84 ఏళ్లు. జనగామ వైపు పల్లె. ఇప్పుడు ముషీరాబాద్‌లో మాతోనే ఉంటుంది. ఆ వీడియో ఎడిటింగ్ చేస్తూ రాత్రి పదకొండింటికి స్పీకర్లో ఆ పాట పెట్టాను. గాయకుడు మన్నా డే గొంతు. "జానేవాలే సిపాహీ సే పూఛో, వో కహాఁ జా రహా హై." వెళ్తున్న సిపాయిని అడగండి, ఎక్కడికి పోతున్నాడో. లోపలి గదిలో పడుకున్న అమ్మమ్మ లేచి, గోడ పట్టుకుంటూ తలుపు దాకా వచ్చి అడిగింది. "ఎవలు సచ్చిన్రు బిడ్డా?"

నా చెయ్యి మౌస్ మీదే ఆగిపోయింది. ఆ పాట ఉన్న హిందీ సినిమా ఆమె చూడలేదు. ఆ పాట ఎప్పుడూ వినలేదు. గది బయటికి మాటలు సరిగ్గా వినపడవు కూడా. రాగం విని, ఎవరో పోయారని లేచొచ్చింది.

ఆ మఖ్దూం ఎవరో కాదు, మనవాడు. అందోలులో పుట్టాడు. మూసీ ఒడ్డున సిటీ కాలేజీలో పాఠాలు చెప్పాడు. తెలంగాణ సాయుధ పోరాటంలో నాయకుడు. తుపాకుల మధ్య బతికిన మనిషి అండీ! ట్యాంక్ బండ్ మీద విగ్రహం ఉంది, ఆదివారం వెళ్లినవాళ్లంతా దాని పక్కనే ఫొటోలు దిగుతారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన రాసిన ఈ కవితకి 1960లో సలిల్ చౌదరి బాణీ కట్టి సినిమాలో పెట్టారు. అందులో "యుద్ధం వద్దు" అనే మాట లేదు. రాజుని తిట్టడు, మంత్రిని తిట్టడు. మొదలయ్యేదే ప్రశ్నలతో. సిపాయి ఎక్కడికి పోతున్నాడు? ఆకలితో ఉన్న పిల్లల్ని జోకొడుతూ పాడుతున్న ఆ దుఃఖితురాలు ఎవరు?

ప్రశ్న. దీన్ని పట్టుకోండి. మన ఊళ్లల్లో చావు దగ్గర ఆడవాళ్లు పెట్టే శోకం ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? ఎక్కడికి పోయినవ్ కొడుకా. నాకు చెప్పకుండా ఎట్ల పోయినవ్ కొడుకా. నేనెవర్ని పిలవాలె కొడుకా. మొత్తం ప్రశ్నలే! జవాబు చెప్పాల్సినవాడు పడుకొని ఉన్నాడు, ఇక చెప్పడు. జవాబు రాదని తెలిసి కూడా అడుగుతూనే ఉండటాన్ని మనం శోకం అంటాం. యుద్ధం వద్దనే పాటల్లో జనం నోట నిలిచి మిగిలినవన్నీ ఇలాంటివే. నేను లెక్క తీశాను.

మర్నాడు అమ్మమ్మకి ఇంగ్లిష్ పాట వినిపించాను. అమెరికా జానపద గాయకుడు పీట్ సీగర్ 1955లో రాసిన "వేర్ హావ్ ఆల్ ద ఫ్లవర్స్ గాన్". పూలన్నీ ఎక్కడికి పోయాయి అని. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కాసేపు విని, "గిది శోకం గాదు, జోలపాట లెక్కున్నది" అంది. నేను కొంచెం నిరాశపడ్డాను, నా సిద్ధాంతం పోయిందే అని. తర్వాత వెతికితే తెలిసింది. సీగర్‌కి ఆ పాట ఆలోచన వచ్చింది రష్యా రచయిత షోలఖోవ్ డాన్ నది నవలలో చదివిన ఒక కొసాక్ పాట నుంచి. కొసాక్‌లంటే అక్కడి గుర్రపు సైనికుల జాతి. ఆ కొసాక్ పాట ఏమిటో తెలుసా? జోలపాట! బాతులెక్కడ? రెల్లులోకి పోయాయి. రెల్లెక్కడ? ఆడపిల్లలు కోశారు. ఆడపిల్లలెక్కడ? పెళ్లిళ్లయి పోయారు. మరి వాళ్ల మగవాళ్లెక్కడ? యుద్ధానికి పోయారు. 84 ఏళ్ల తెలంగాణ ముసలమ్మ అమెరికా పాటలో రష్యా ఉయ్యాల పట్టేసింది. నాకు అప్పుడు రోమాలు నిక్కబొడుచుకున్నాయి, ఇప్పుడు చెబుతుంటే కూడా.

ఆ పాట నడక మీకు కొత్తది కాదు. ఏడు చేపల కథ! చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపా ఎందుకు అడ్డమొచ్చావ్? ఆవు మేయలేదు. అలా గొల్లవాడు, అవ్వ, ఏడ్చే పాప, చీమ. మనం రెండేళ్లప్పుడు అన్నం ముద్దలతో పాటు మింగిన కథ. సీగర్ పాట అచ్చం అదే. పూలు ఏమయ్యాయి? అమ్మాయిలు కోశారు. అమ్మాయిలు ఏమయ్యారు? పెళ్లాడి వెళ్లారు. మగవాళ్లు? సైన్యంలోకి. సైనికులు? సమాధుల్లోకి. సమాధులు? పూలు కప్పేశాయి. మళ్లీ మొదటికొచ్చింది. సీగర్ మూడు చరణాలే రాసి ఆపేస్తే, 1960లో జో హికర్సన్ అనే ఆయన ఆ చివరి చరణాలు కలిపి చక్రం మూసేశాడు. మన కథలో చివర చీమ ఉంది. నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అని జవాబు చెబుతుంది, పిల్లాడు నవ్వుతాడు, అన్నం తినేస్తాడు. సీగర్ పాటలో చీమ లేదండీ. ఎవరూ నేను కుట్టాను అని ఒప్పుకోరు. అందుకే ఆ పాట అయిపోదు, ఇంట్లో పని చేసుకుంటుంటే మళ్లీ మొదటి చరణం నాలుకమీదికి వస్తుంది.

అమెరికా గాయకుడు బాబ్ డిలన్ సంగతి చూద్దాం. "బ్లోయిన్ ఇన్ ద విండ్". 1962 ఏప్రిల్లో రాశాడు, అప్పటికి 21 నిండలేదు. పాట మొత్తం ప్రశ్నలే అని అందరికీ తెలుసు. కానీ బాణీ ఎక్కడిదో చాలామందికి తెలియదు. అమెరికాలో బానిసల్ని వేలం వేసిన రోజుల పాట ఒకటుంది, "నో మోర్ ఆక్షన్ బ్లాక్" అని. వేలమంది పోయారు, వేలమంది పోయారు అని తిరిగి తిరిగి వస్తుంది అందులో. డిలన్ తన పాటకి రాగం దాని మీదే అల్లుకున్నాడు. నోబెల్ బహుమతి పొందిన కవి పాట కింద కూడా పోయినవాళ్లని తలుచుకొని ఏడ్చిన ఏడుపే ఉంది. ఇంకా ఏం రుజువు కావాలి?

కావాలంటే ఇస్తాను. 1972 డిసెంబర్. హనోయ్ మీద అమెరికా బాంబులు కురిపించిన రోజులు. అమెరికా గాయని జోన్ బేజ్ అప్పుడు హనోయ్‌లోనే ఉంది. రాత్రిళ్లు హోటల్ కింద షెల్టర్లో దాక్కుంది. ఒక ఉదయం కూలిపోయిన వీధిలో ఒక స్త్రీ శిథిలాల మీద అటూ ఇటూ తిరుగుతూ పాడుతోంది. పాడుతోందనే అనుకుంది బేజ్. దగ్గరికెళ్లి పక్కవాళ్లని అడిగితే అర్థం చెప్పారు. కొడుకా, ఇప్పుడెక్కడున్నావు కొడుకా. అంతే! బేజ్ ఆ మాటనే పాటకి పేరుగా పెట్టింది. 1973లో వచ్చిన ఆ రికార్డులో నిజంగా పడిన బాంబుల శబ్దం, సైరన్లు కూడా ఉన్నాయి. చూడండి, అంత పెద్ద గాయనికి కూడా పాటకీ ఏడుపుకీ తేడా తెలియలేదు. మా అమ్మమ్మకి తెలియలేదు. తేడా లేదు కాబట్టి తెలియలేదు!

అదే వియత్నాంలో చిన్ కాంగ్ సన్ అని ఒక పాటగాడు. ఆయన పాట ఒకటి, తల్లి కొడుకుని నిద్రపుచ్చుతుంది. పడుకో నాయనా పడుకో. జోలపాటే. కాకపోతే కొడుకు బుల్లెట్ తగిలి చచ్చిపోయాడు. ఇరవై ఏళ్లకే ఎందుకు నిద్రపోయావురా అని అడుగుతుంది. నేను అనువాదం చదివి ల్యాప్‌టాప్ మూసేశాను. ఆ పాట జపాన్‌లో కూడా మారుమోగింది. సైగాన్ ప్రభుత్వం ఆయన పాటల్ని నిషేధించింది. యుద్ధం అయ్యాక గెలిచినవాళ్లు కూడా ఆయన్ని అనుమానంగానే చూశారు. అవును మరి, ఏ పక్షం తల్లో తేడా చూపించకుండా ఏడిస్తే ఏ పక్షానికి నచ్చుతుంది?

1971లో వచ్చిన అమెరికా గాయకుడు మార్విన్ గే పాట "వాట్స్ గోయింగ్ ఆన్" తీసుకోండి. పేరే ఏం జరుగుతోంది అని. వియత్నాం నుంచి తిరిగొచ్చిన తమ్ముడు చెప్పినవి మనసులో పెట్టుకొని పాడాడు. ఆ పాటలో మొదటి మాట ఏమిటో తెలుసా? అమ్మా. అమ్మా, మీలో చాలామంది ఏడుస్తున్నారమ్మా అని మొదలవుతుంది.

ఇంగ్లిష్ పాటలే చెబుతున్నావని మొదలుపెట్టకండి. మన భారతంలో ఏముంది? పద్దెనిమిది రోజుల యుద్ధం అయిపోయింది. పదకొండో పర్వం, స్త్రీ పర్వం. తెలుగులో తిక్కన రాశాడు. గాంధారి రణభూమి చూస్తూ కృష్ణుడికి ఒక్కొక్క శవాన్నీ చూపిస్తుంది. భూరిశ్రవుడి భార్య మొగుడి తెగిన చేతిని ఒళ్లో పెట్టుకొని ఏడుస్తుంటుంది. ఎవరు గెలిచారన్నది కాదు గాంధారి బాధ. నీకు శక్తి ఉండి కూడా ఎందుకు ఊరుకున్నావు కృష్ణా, అంటుంది. దేవుణ్ణే నిలబెట్టి అడిగింది! డిలన్ అడిగాడని ప్రపంచం చప్పట్లు కొట్టింది. మన గాంధారి ఎప్పుడో అడిగేసింది. మనం మాత్రం భారతం అంటే భీముడి గద, అర్జునుడి బాణం అని చెప్పుకుంటాం. స్త్రీ పర్వం ఎవరూ సీరియల్‌గా సాగదీయరు. నాకు దీని మీద చాలా బాధ ఉంది, దానికి వేరే వీడియో చేస్తాను.

ట్యాంక్ బండ్ మీదే శ్రీశ్రీ కూడా ఉన్నాడు కదా. "ఏ దేశ చరిత్ర చూచినా ఏమున్నది గర్వకారణం?" ప్రశ్నే. కానీ నిజం చెప్పాలంటే అది విన్నప్పుడు నాకు కన్నీళ్లు రావు, పిడికిలి బిగుసుకుంటుంది. శ్రీశ్రీ కోర్టులో నిలదీస్తాడు. మఖ్దూం పాడె పక్కన కూర్చుంటాడు. నా ఓటు పాడె పక్కన కూర్చున్నవాడికే.

బీటిల్స్ జాన్ లెనన్ పాటలు ప్రశ్నలు కావు కదా, నీ సిద్ధాంతం పోయింది కదా అని ఇప్పటికే ఎవరో టైప్ చేస్తుంటారు. "గివ్ పీస్ ఎ చాన్స్" 1969లో మాంట్రియల్ హోటల్ గదిలో రికార్డు చేశారు. అది నినాదం, ఒప్పుకుంటాను. ఒంటరిగా ఇంట్లో కూర్చొని పాడి చూడండి, ఏమీ ఉండదు. ఆ ఏడాదే నవంబర్ 15న వాషింగ్టన్‌లో లక్షల మంది చేత దాన్ని పాడించింది ఎవరు? మన సీగరే. పాడిస్తూ మధ్యమధ్యలో అప్పటి అమెరికా అధ్యక్షుణ్ణి ఉద్దేశించి ఏమని అరిచాడు? "నిక్సన్, వింటున్నావా?" ఆ నినాదానికి ప్రాణం పొయ్యడానికి కూడా ప్రశ్నే కావాల్సి వచ్చింది! ఇక "ఇమాజిన్" అంటారా, అందమైన పాట, నాకు మాత్రం లోపలికి దిగదు. అందులో పోయినవాడు ఎవడూ లేడు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. పాట వల్ల ఏ యుద్ధం ఆగింది? నేను తిరిగి అడుగుతున్నాను. ఏ శోకం వల్ల ఏ శవం లేచింది? లేవలేదు కదా? అయితే చావు ఇంటికి వెళ్లి ఆ తల్లితో, అమ్మా, ఏడిస్తే వస్తాడా, నోరు మూసుకో అని చెప్పండి చూద్దాం. చెప్పగలరా? చెప్పిన మనిషిని ఆ ఊరు గడప తొక్కనిస్తుందా? మరి పాట దగ్గర ఆ మాట ఎలా అంటున్నారు?

పాటకి బలం లేదంటారు, సరే. బలం లేనిదానికి ఎందుకు భయపడ్డారో కూడా చెప్పండి. 1967లో సీగర్ వియత్నాం యుద్ధం మీద బురద నది పాట పాడితే టీవీలో ఆ ముక్క కోసేశారు. గొడవయ్యాక మరుసటి ఏడాది వేశారు. 1991లో గల్ఫ్ యుద్ధం అప్పుడు బీబీసీ రేడియోలో వేయకూడదని 67 పాటల జాబితా తయారైంది. అందులో లెనన్ ఉన్నాడు, "యుద్ధం దేనికి పనికొస్తుంది" అని గర్జించిన ఎడ్విన్ స్టార్ ఉన్నాడు. 2001 సెప్టెంబర్ తర్వాత అమెరికాలో వెయ్యికి పైగా రేడియో స్టేషన్లున్న ఒక సంస్థలో వద్దనుకునే పాటల జాబితా తిరిగింది. అందులోనూ "ఇమాజిన్" ఉంది. చిలీలో గాయకుడు విక్టర్ హారాని 1973లో చంపేశారు. వియత్నాం కోసం 1971లో ఆయన పాడిన పాటని 2019లో శాంటియాగో వీధుల్లో మళ్లీ జనం గొంతెత్తి పాడారు. చచ్చిపోయిన పాటలా ఇవి?

రెండో మాట, జవాన్లకు అవమానం. ఈ మాటకే నాకు ఎక్కువ కోపం. పీట్ సీగర్ రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసినవాడు. వుడ్‌స్టాక్ సంగీత ఉత్సవంలో "మనం ఎందుకోసం పోరాడుతున్నాం" అని లక్షల మంది చేత పాడించిన గాయకుడు కంట్రీ జో నేవీలో పనిచేసి వచ్చినవాడు. నేను డబ్బున్నవాడి కొడుకుని కాను, ఆ అదృష్టం నాకు లేదు అని పాడిన జాన్ ఫోగర్టీ ఆర్మీ రిజర్వ్‌లో ఉన్నవాడు. యూనిఫాం వేసుకున్నవాళ్లు పాడిన పాట, యూనిఫాం ముట్టుకోని మనకు అవమానంగా కనిపిస్తోందా? 2020 జూన్‌లో గల్వాన్‌లో సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్ బాబు పోయినప్పుడు టీవీ ముందు మనమంతా ఏడ్చాం. ఏడిస్తే ఆయన్ని అవమానించినట్టా?

2025 మే 7 గుర్తు చేసుకోండి. సాయంత్రం నాలుగింటికి మన హైదరాబాద్‌లో సైరన్లు మోగాయి. మాక్ డ్రిల్. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకటే హడావుడి. లైట్లు ఆర్పాలా, నీళ్లు పట్టుకోవాలా, పిల్లల్ని ట్యూషన్‌కి పంపాలా. ఆ వారమంతా ఫోన్లో డప్పులు దంచే యుద్ధం రీల్స్. నేనూ ఒకటి రెండు ఫార్వర్డ్ చేశాను, దాచుకోను. అప్పుడు వచ్చిన వందల పాటల్లో ఒక్కదాని పల్లవి ఇప్పుడు చెప్పండి. ఒక్కటి! నాకు రాదు, మీకూ రాదు. వాటిలో అరుపు ఉంది, ఆజ్ఞ ఉంది, ప్రశ్న లేదు. ఆ సాయంత్రం సైరన్ ఆగాక మా అమ్మమ్మ అడిగిన మాట మాత్రం నాకు గుర్తుంది. "మల్ల పోరగాండ్లను తీస్కపోతరా?"

మళ్లీ అంది. ఆ మళ్లీ ఏమిటో నేను అప్పుడు అడగలేదు. ఈ రచ్చ తర్వాత, మొన్న శుక్రవారం కూర్చోబెట్టి అడిగాను. తెలంగాణ సాయుధ పోరాటం రోజుల్లో వాళ్ల పెద్దన్న సంఘంలో చేరి దళంతో పోయాడట. అప్పటికి అమ్మమ్మకి ఆరేడేళ్లు. ఆయన తిరిగి రాలేదు. శవమూ రాలేదు, కబురూ రాలేదు. వాళ్లమ్మ, అంటే నాకు తాతమ్మ, బతికినన్నాళ్లు పొద్దుగూకినాక వాకిట్లో కూర్చొని ఆ కొడుకు మీద శోకం పెట్టేదట. నాకు ఇన్నేళ్లలో ఈ సంగతే తెలియదు. ఆ శోకం నీకు వచ్చా అని అడిగితే, వస్తదన్నది. పొయ్యికాడ కూర్చొని రోజూ విన్నా, ఎట్ల రాదన్నది.

రికార్డు చేస్తానంటే ముందు వద్దంది. ఇంట్లో చావు లేకుండ శోకం పెట్టొద్దు, అరిష్టం అంది. తర్వాత రాత్రి తనే పిలిచింది. నాలుగు వరుసలే పాడతా అంది. ఏ చెట్టు కింద ఒరిగినవ్ కొడుకా, ఎవలు నీళ్లు తాపిండ్రు కొడుకా, ఏ ఊరి మట్టి కప్పిండ్రు కొడుకా, వాన కొడ్తె ఎవలు గొంగడి గప్పిండ్రు కొడుకా. గొంతు వణుకుతుంది, రెండో వరుస దగ్గర ఆగుతుంది, వెనక కుక్కర్ కూత కూడా పడింది. నేను ఏమీ కోయలేదు, మ్యూజిక్ పెట్టలేదు. ఇప్పుడు అదే వేస్తున్నాను. హెడ్‌ఫోన్ ఉంటే పెట్టుకోండి.